‘ఐ7 గేమింగ్ పీసీ’ అనగానే డబ్బులిచ్చేయకండి: విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి జాగ్రత్త

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ "ఐ7, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ గ్రాఫిక్స్, ఫుల్ సెట్" అని ఎవరైనా చెబితే ఒక్క ప్రశ్న అడగండి: ఐ7 తర్వాత ఉన్న నంబరు ఎంత? ఆ నంబరు బిల్లు మీద రాసివ్వమంటే నీళ్లు నములుతున్నారా, లేచి వచ్చేయండి. మా తమ్ముడు 41,500 రూపాయలు పోసి తెచ్చుకున్న క్యాబినెట్‌లో ఏముందో చెబుతాను. షాపు పేరు రాయను. ఫిర్యాదు నడుస్తోంది, పైగా ఈ సరుకు అమ్మేది వాళ్లొక్కరే కాదు. పేరు తెలుసుకుని ఆ ఒక్క షాపు తప్పించుకున్నా, పక్క వీధిలో ఇదే డబ్బా ఇంకో రంగు లైట్లతో మీ కోసం రెడీగా ఉంటుంది.

మావాడు డిగ్రీ చదువుతున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో జముకుల కథ చెప్పేవాళ్లని, తప్పెటగుళ్ల బృందాల్ని వెతుక్కుంటూ వెళ్లి రికార్డు చేసుకొస్తాడు, వాటికి బీటు కట్టి పాటలు చేస్తాడు. రాత్రయితే వాలరంట్ గేమ్. ఒకే పీసీలో రెండూ జరగాలని అడిగాడు, అందులో అత్యాశేం లేదు. నేను వైజాగ్‌లో ఒక స్టూడియోలో సౌండ్ పని చేస్తుంటాను. ఊళ్లో షాపైతే రిపేరొచ్చినా పట్టుకెళ్లొచ్చని ఇంట్లో అందరూ అనుకున్నారు. అదీ సబబే.

ముందు బయటపడింది గేమే. విండోస్ 11 వేసి ఇచ్చారు. వాలరంట్ తెరిస్తే వ్యాన్ 9001 అని ఎర్రర్. షాపువాళ్లు "నెట్ స్లో అయ్యుంటుంది" అన్నారట. నెట్‌కీ దీనికీ సంబంధం లేదు. విండోస్ 11 మీద ఆ గేమ్ నడవాలంటే టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు, సెక్యూర్ బూట్ అనే సెట్టింగ్ రెండూ ఉండాలి. అవి లేకపోతే వచ్చే ఎర్రరే అది. కొత్త మదర్‌బోర్డుల్లో టీపీఎమ్ బోర్డుతోనే వస్తుంది, మహా అయితే బయోస్‌లోకి (బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఆన్ చేసుకోవాలి. ఈ బోర్డు బయోస్‌లో అసలు ఆ మాటే లేదు. అంటే విండోస్ 11 పెట్టే అడ్డంకుల్ని దొడ్డిదారిన దాటించి ఎక్కించారన్నమాట.

పైడితల్లి జాతరకి ఇంటికొచ్చినప్పుడు పక్క ప్యానెల్ విప్పాను. బయట నుంచి చూస్తే గాజు తలుపు, రంగురంగుల ఫ్యాన్లు, పెళ్లి పందిరిలా మెరిసిపోతోంది. లోపల ప్రాసెసర్ ఐ7-3770. 2012లో వచ్చినది. మదర్‌బోర్డు మాత్రం నిగనిగలాడుతూ కొత్తగానే ఉంది, దాని మీద పేరున్న కంపెనీ గుర్తు ఏదీ లేదు. బోర్డు మీద భాగాల్ని కలిపి నడిపే చిప్‌సెట్ హెచ్61, అది 2011 నాటిది. పాత చిప్‌సెట్లు తీసి కొత్త బోర్డుల మీద అతికించి చైనా నుంచి కుప్పలు తెప్పలుగా వస్తున్న సరుకు ఇది. చూసేవాళ్లకి కొత్త బోర్డే. కానీ ఆ చిప్‌సెట్‌లో యూఎస్‌బీ 3 లేదు, డిస్క్ తగిలించే సాటా కూడా సెకనుకి 3 గిగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి దానికి తగిలించిన సాటా ఎస్‌ఎస్‌డీ సగం వేగంతోనే నడుస్తుంది. ర్యామ్ డీడీఆర్3, 8 జీబీలు రెండు. ఆ చిప్‌సెట్‌కి 16 జీబీయే గరిష్ఠం. రేపు పెద్ద శాంపిల్ లైబ్రరీలు వాడదామన్నా ఇక పెంచడానికి దారి లేదు.

గ్రాఫిక్స్ కార్డు ఆర్‌ఎక్స్ 580 అన్నారు. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్‌లో చూస్తే షేడర్లు (బొమ్మల లెక్కలు చేసే చిన్న యూనిట్లు) 2048 అని ఉంది. అసలు ఆర్‌ఎక్స్ 580కి 2304 ఉండాలి. ఇది 2018లో చైనా మార్కెట్‌కి వదిలిన తక్కువ రకం, పేరు మాత్రం అదే. ఫ్యాన్ రెక్కల వెనక దుమ్ము గట్టిపడిపోయి ఉంది, స్క్రూల తలలు గీరుకుపోయి ఉన్నాయి. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో క్రిప్టో కరెన్సీ సంపాదించే పని) ఆగిపోయాక రాత్రీపగలూ నడిచి అలిసిపోయిన కార్డులు ఇలా కడిగి మార్కెట్లోకి వదిలినవి చాలా ఉన్నాయి. ఇదీ ఆ కోవదే అని నా అనుమానం. ఎస్‌ఎస్‌డీని, డిస్క్ ఎంత వాడారో చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూశాను. కొత్తదని అమ్మినదానికి పవర్ ఆన్ గంటలు పదకొండు వేలకి పైనే ఉన్నాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఎస్‌ఎమ్‌పీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) ఒక ఎత్తు. పక్కన స్టిక్కర్ మీద పెద్దక్షరాల్లో 450 వాట్స్. దాని కింద చిన్నక్షరాల పట్టికలో 12 వోల్టుల దగ్గర 18 ఆంప్స్ అని ఉంది. 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఈ 12 వోల్టుల నుంచే. ఆ ప్రాసెసర్ 77 వాట్లది, ఆ రకం కార్డు 150 వాట్ల దాకా లాగుతుంది. లెక్క మీరే వేసుకోండి. గేమ్ మధ్యలో పీసీ టప్పున ఆరిపోతోందంటే ఆశ్చర్యం ఏముంది? ఇలాంటిది ఆరిపోవడంతో సరిపెట్టుకుంటే అదృష్టం, పోతూ పోతూ బోర్డునీ కార్డునీ కూడా తీసుకుపోగలదు. మీరు వేరే ఏదీ చూడకపోయినా ఆ స్టిక్కర్ మీద 12 వోల్టుల గడి ఒక్కటి చూడండి. మంచి కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్‌లో ఆ ఒక్క గడిలోనే 500 వాట్లకి అటూ ఇటూగా కనిపిస్తుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోందని మావాడు దాన్ని కూడా షాపు ఖాతాలో రాశాడు. అది మాత్రం వాళ్ల తప్పు కాదు. మా పాతింట్లో ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ లేదు. ఎర్త్ లేకపోతే ఎంత మంచి పీసీ అయినా అలాగే అంటుంది, రికార్డింగ్‌లో గుయ్‌మని హమ్ కూడా వస్తుంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి సరిచేయించాం.

ఇప్పుడు సంగీతం సంగతి. "8 జీబీ గ్రాఫిక్స్ ఉంది, పాటలు సూపర్‌గా నడుస్తాయి" అని చెప్పారట. పాటల పనికి గ్రాఫిక్స్ కార్డుతో దాదాపు పని లేదు. కావలసింది ఒక్కో కోర్ వేగం. ఒక ట్రాక్ మీద వరసగా పెట్టిన ప్లగిన్లన్నీ (ధ్వనిని పుట్టించే, మార్చే చిన్న సాఫ్ట్‌వేర్‌లు) మామూలుగా ఒకే కోర్ మీద నడుస్తాయి, ఆ కోర్ అందుకోలేకపోతే చిటపటలు మొదలవుతాయి. 2022లో వచ్చిన ఐ3-12100కి కూడా ఈ ఐ7-3770కి లాగే 4 కోర్లు, 8 థ్రెడ్లే. కానీ ఒక్కో కోర్ చేసే పనిలో ఆ ఐ3 ముందు ఈ ఐ7 నిలబడలేదు. ఐ7 అన్న ముద్ర చూసి ఐ3ని చిన్నచూపు చూసేవాళ్లే ఈ వ్యాపారానికి పెట్టుబడి. ఇంకో చిక్కు ఏమిటంటే 3770 లాంటి 3వ జనరేషన్ ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 అనే లెక్కల సౌకర్యం ఉండదు, కొత్త సాఫ్ట్‌వేర్‌లు కొన్ని అది లేనిదే తెరుచుకోవు.

మావాడి ప్రాజెక్టులో బఫర్ (పీసీ ఒక్కో విడతకి తీసుకునే ధ్వని ముక్క సైజు) 256 పెడితే చిటపటలు. 1024కి పెంచితే ఆగాయి. కానీ 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిల్స్ అంటే 5 మిల్లీసెకన్ల పైచిలుకు, 1024 అంటే 21 మిల్లీసెకన్లు. లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికొచ్చేటప్పుడు ఒకసారి, రెండు వైపులా ఆ ఆలస్యం పడుతుంది. హెడ్‌ఫోన్‌లో తన గొంతు తనకే వెనకబడి వినిపిస్తుంటే ఎంత పాడగలిగినవాడైనా తాళం తప్పుతాడు. జముకు వాయించేవాళ్ల దగ్గర ఆ పప్పులుడకవు, రెండు దరువులకే చెవుల్లోంచి తీసి పక్కన పెట్టేస్తారు. పీసీలో ఆలస్యాలు కొలిచే లేటెన్సీమాన్ పెట్టి చూస్తే ఎర్ర గీతలే. వైఫై డాంగిల్ తీసేస్తే కొంచెం తగ్గింది గానీ తీరలేదు.

సాఫ్ట్‌వేర్‌లన్నీ ఫ్రీగా వేసిచ్చాం అన్నదానికి మురిసిపోకండి. క్రాక్ చేసిన ఎఫ్ఎల్ స్టూడియో (పాటలు చేసే సాఫ్ట్‌వేర్), బోలెడన్ని ప్లగిన్లు, క్రాక్ విండోస్ ఎక్కించారు. వాటి కోసం విండోస్ యాంటీవైరస్ డిఫెండర్‌లో సి డ్రైవ్ మొత్తాన్నీ స్కాన్ చేయకుండా మినహాయించి పెట్టారు. ఆ పీసీలోంచే మా నాన్న కరెంటు బిల్లు కడుతున్నారు! మొత్తం చెరిపేసి మళ్లీ వేశాం. నేర్చుకునేవాళ్లకి రీపర్ అనే పాటల సాఫ్ట్‌వేర్ 60 రోజులు పూర్తిగా ఉచితం, తర్వాత లైసెన్సు కూడా భరించగలిగినదే.

షాపుకి నేనూ వెళ్లాను. ఓనర్ కోప్పడలేదు, టీ తెప్పించారు. "ఏటండీ, ఐ7 అన్నాం, ఐ7 ఇచ్చాం. ఎన్నో జనరేషనని మీ తమ్ముడు అడగనేదు కదా" అన్నారు. కొత్తదన్నారు కదా అంటే, "క్యాబినెట్ కొత్తది, బోర్డు కొత్తది. ప్రాసెసర్ అరిగిపోద్దేటండీ?" ప్రాసెసర్ అరగదు, అది నిజమే. ఆయన మాటల్లో విడివిడిగా ఏదీ అబద్ధం కాదు, అందుకే వీళ్లతో నోటి మాట మీద గెలవలేం. చేతిలో ఉన్న కాగితం చూపిస్తే, అది బిల్లు కూడా కాదు. కొటేషన్ అని అచ్చేసి, కింద పెన్నుతో "ఐ7 పీసీ – 1" అని, పక్కన 41,500. జీఎస్టీ నంబరు లేదు, ఒక్క పార్టు నంబరు లేదు. బిల్లు వద్దంటే 18 శాతం తగ్గుతుందని మావాడికి చెప్పారట. తగ్గింది జీఎస్టీ ఒక్కటే కాదు, వారంటీ కూడా దాంతోనే పోయింది.

పాత వస్తువు పాతదని చెప్పి, దానికి తగ్గ ధరకి అమ్మితే నాకే అభ్యంతరమూ లేదు. ఐ7-3770 మీద పాటలు నేర్చుకున్నవాళ్లు నాకు తెలుసు. దాన్ని కొత్త గేమింగ్ పీసీ అని కొత్త ధరకి అంటగట్టడం దగ్గరే గొడవ. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, కాబట్టి డీడీఆర్3 బోర్డులతో ఇలాంటి సెట్లు ఇంకా ఎక్కువగా దిగుతాయని నా అంచనా. వైజాగ్ వెళ్లినా, హైదరాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో చూసినా ఈ రకం సరుకు ఉంటుంది, మంచి సరుకూ ఉంటుంది. ఊరు మారితే రక్షణ దొరకదు.

కొనేవాళ్లు ఇలా చేయండి. ముందే ప్రతి పార్టుకీ పూర్తి పేరు రాయించుకోండి. ఐ7 కాదు, ఐ5-12400 అనో రైజెన్ 5 5600 అనో చివరి అంకె దాకా. చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో డిస్‌ప్లే ఉండదు, కార్డు కచ్చితంగా కావాలి. పాటలే ముఖ్యం, గేమ్ తర్వాత అనుకుంటే ఎఫ్ లేని ఇంటెల్‌దో, రైజెన్ 5 5600జీ లాంటిదో తీసుకుంటే కార్డు ఖర్చు ఆర్నెల్లు వాయిదా వేయొచ్చు. పార్టుల సీలు మీ ముందే తీయమనండి, ఖాళీ డబ్బాలన్నీ ఇంటికి తెచ్చుకోండి. సీపీయూ-జెడ్, జీపీయూ-జెడ్, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో మూడూ ఇన్‌స్టాల్ అక్కర్లేకుండా పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తాయి, పట్టుకెళ్లి డబ్బు కట్టే ముందు అక్కడే తెరిచి చూడండి. వాటిని తెరవనివ్వని షాపులో బేరం పెట్టుకోకండి. బిల్లు మీద పార్టుల సీరియల్ నంబర్లుండాలి. బిల్లు మీది జీఎస్టీ నంబరు అసలుదో కాదో జీఎస్టీ పోర్టల్‌లో కొడితే షాపు పేరుతో సహా కనిపిస్తుంది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే, కాబట్టి బిల్లు లేదని వెనక్కి తగ్గక్కర్లేదు. ఫోన్‌పే, గూగుల్ పే చెల్లింపు రికార్డు, వాట్సాప్‌లో పంపిన రేటు, కొటేషన్ చీటీ, అన్నీ సాక్ష్యాలే. లోపలి పార్టుల ఫొటోలు స్టిక్కర్లు కనిపించేలా తీసి పెట్టుకోండి. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

మేం 1915లో ఫిర్యాదు చేశాక షాపు నుంచి ఫోనొచ్చింది. ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చి, అయిదు వేలు వెనక్కిస్తాం అన్నారు. ఒప్పుకోలేదు, సెట్టు మొత్తం వాపసు తీసుకోమన్నాం. ఏం తేలిందీ తర్వాత చెబుతాను. ఈలోగా ఎవరి చేతిలోనైనా కొటేషన్ ఉండి అనుమానంగా ఉంటే, షాపు పేరూ ఫోన్ నంబరూ కొట్టేసి, పార్టు నంబర్లు కనిపించేలా ఫొటో పంపండి. డబ్బు కట్టకముందే పంపండి.