పేరు మారినా క్లిప్పును గుర్తుపట్టే కేడెన్‌లైవ్

ఉచిత ఓపెన్ సోర్స్ వీడియో ఎడిటర్లను పోల్చేవారు ఎక్కువగా ఎఫెక్టుల గురించి, రెండరింగ్ వేగం గురించి రాస్తారు. కేడెన్‌లైవ్‌నూ షాట్‌కట్‌నూ ఏళ్ల తరబడి వాడుతున్న నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ పట్టికలలో కనిపించని ఒక సౌకర్యం: తప్పిపోయిన క్లిప్పులను అవి వెతికి పట్టుకునే తీరు.

నేను పద్యనాటకాల రికార్డింగులను కూర్చుతుంటాను. ఒకసారి పని సగంలో ఉండగా డిస్కు నిండిపోవడంతో మా తమ్ముడు ఫైళ్లన్నిటినీ కొత్త డిస్కులోకి మార్చాడు. అంతటితో ఆగకుండా, నాకు సాయంగా ఉంటుందని, కెమెరా ఇచ్చిన అంకెల పేర్లు తీసేసి ‘రాయబారం’, ‘పడకసీను’ అంటూ పేర్లు పెట్టి, రంగానికొక ఫోల్డరులో సర్దాడు. కేడెన్‌లైవ్‌లో ప్రాజెక్టు తెరవగానే క్లిప్పులు కనబడడం లేదంటూ పెద్ద జాబితా వచ్చింది. పెద్దగా ఆశ లేకుండానే కొత్త డిస్కును చూపించి వెతకమన్నాను. కాసేపటికి అవి ఒక్కొక్కటిగా దొరికాయి. నేను వేసిన కోతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ప్రతి క్లిప్పు పరిమాణాన్నీ, దాని బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య అయిన హ్యాష్‌నూ ప్రాజెక్టు ఫైలులోనే రాసి ఉంచుకోవడం వల్ల ఇది సాధ్యమైంది. పెద్ద ఫైలైతే మొదటి 10 లక్షల బైట్లు, చివరి 10 లక్షల బైట్లు మాత్రమే చదివి హ్యాష్ కడుతుంది కనుక గంటల నిడివి ఉన్న రికార్డింగులకూ ఆట్టే సమయం పట్టదు. షాట్‌కట్ కూడా హ్యాష్‌ను ఇలాగే లెక్కిస్తుంది. ఆ భాగాన్ని కేడెన్‌లైవ్ నుంచి కావాలనే తీసుకున్నట్లు షాట్‌కట్ సోర్సు కోడులోనే రాసి ఉంది.

అయితే ఒక క్లిప్పు మాత్రం దొరకలేదు. దాని అసలు ఫైలు ఎప్పుడో చెరిగిపోగా, ఒక నటుడికి మెసేజింగ్ యాప్‌లో పంపిన నకలే మిగిలింది. కుదించిన ఫైలులో దృశ్యం అదే అయినా బైట్లు వేరు కాబట్టి హ్యాష్ కలవలేదు. దానిని చేత్తో జోడించి, పెదవులకు వెనకబడిన రాగాన్ని మళ్లీ సరిచేయవలసి వచ్చింది. శీర్షికలకు వాడిన తెలుగు ఫాంటు కూడా ప్రాజెక్టు ఫైలులో ఉండదు; కంప్యూటరు మారితే విడిగా ఎక్కించుకోవాలి.

చిన్న చిన్న కోతలకు నేను ఇప్పటికీ షాట్‌కట్‌నే తెరుస్తాను. ఫోనులో తీసిన వీడియోను ఆ పూటే ముగించి పంపేవారికి ఈ వెతుకులాట అక్కరకు రాకపోవచ్చు. నెలల తరబడి సాగే కూర్పులు చేసేవారికైతే కేడెన్‌లైవ్‌నే సూచిస్తాను, అదీ అసలు ఫైళ్ల నకలు మరో డిస్కులో ఉంటేనే.