ఎలివేటర్‌కు ఎలక్ట్రిక్ ట్రిమ్: బిగించుకోవచ్చు, కానీ ముందు ఇవి చూడండి

విమానం తోకలో ముక్కును పైకీ కిందికీ తిప్పే కదిలే పలక ఎలివేటర్, దాని వెనుక అంచున ఉండే చిన్న పలక ట్యాబ్. పైలట్ స్టిక్‌ను (విమానాన్ని నడిపే కర్రను) అదేపనిగా నొక్కిపట్టే పని లేకుండా ఆ ట్యాబ్‌ను సర్దడమే ట్రిమ్. సొంతంగా కట్టుకునే విమానానికి పిడితో లాగే కేబుల్ ట్రిమ్ చాలదా, మోటారు ఎందుకని చాలామంది అడుగుతారు. చాలదని కాదు. కేబుల్‌కు కరెంటు అక్కర్లేదు, ట్యాబ్ ఎక్కడుందో పిడి పట్టుకుంటే చాలు తెలిసిపోతుంది. అయినా నేను రే అలెన్ కంపెనీ టీ2-10ఏ సర్వో, అంటే ట్యాబ్‌ను కదిలించే చిన్న మోటారు పెట్టె, బిగించాను. ల్యాండింగ్‌కు దిగేటప్పుడు థ్రాటిల్, ఫ్లాపులు (రెక్కల వెనుక కిందికి దించే పలకలు), రేడియో అన్నిటికీ ఒకే చేయి కావాలి. అప్పుడు స్టిక్ వదలకుండా, దాని మీది స్విచ్‌ను బొటనవేలితో నొక్కి ట్రిమ్ సరిచేసుకోవడం ఎంతో హాయి.

సర్వో అరచేతిలో ఇమిడిపోతుంది. దాని నుంచి ఐదు సన్నని తీగలు వస్తాయి: రెండు మోటారుకు, మూడు ట్యాబ్ స్థానం చూపే సూచికకు. లోపల మరమీద కడ్డీ జరుగుతుంది కాబట్టి కరెంటు పోయినా ట్యాబ్ ఉన్నచోటే నిలుస్తుంది. బిగించిన రోజే తోక దగ్గర నిలబడి ఎవరిచేతనైనా స్విచ్ నొక్కించండి. ముక్కు పైకి లేవాలంటే ట్యాబ్ కిందికి దిగాలి. పైకి లేస్తే మోటారు తీగలు రెండూ అటూఇటూ మార్చాలి. ఖర్చు మిగులుతుందని సూచికను మాత్రం మానేయకండి. స్విచ్‌ను ఎంత తడిమినా ట్యాబ్ ఎక్కడుందో తెలియదు, టేకాఫ్‌కు ముందు అది తెలిసి తీరాలి.

వేగం రెట్టింపైతే ట్యాబ్ మీద గాలి బలం నాలుగింతలవుతుంది. అందుకే దిగేటప్పుడు సరిగ్గా అనిపించే మోటారు వేగమే, విమానం వేగంగా వెళ్లేటప్పుడు చిన్న నొక్కుకే ముక్కును ఎగదోస్తుంది. మోటారు వేగాన్ని తగ్గించే కంట్రోలర్ తప్పక పెట్టండి. విమానాన్ని పక్కకు వంచే రెక్క పలకకు, అంటే ఐలెరాన్‌కు, నేను మోటారు పెట్టలేదు, స్ప్రింగు సరిపోతోంది.

అసలు నిర్ణయం తేలేది మరోచోట. స్విచ్ ఇరుక్కున్నా, మోటారుకు కరెంటు అందించే రిలే అతుక్కుపోయినా మోటారు చివరిదాకా పరుగెత్తుతుంది. అప్పుడు ఆ కరెంటును ఆపే సర్క్యూట్ బ్రేకర్ బెల్టు విప్పకుండా చేతికందాలి, చీకట్లోనూ వేలికి దొరకాలి. తర్వాత తగినంత ఎత్తులో, తక్కువ వేగంతో మొదలుపెట్టి ట్రిమ్‌ను మెల్లగా ఒక చివరికి తీసుకెళ్లి చూడండి, ఆపై రెండో చివరికి. వేగాన్ని కొద్దికొద్దిగానే పెంచండి. స్టిక్ బరువెక్కుతోందనిపిస్తే అక్కడే ఆగండి. ఆ బరువుతో ల్యాండింగ్ దాకా పట్టుకోలేమనిపిస్తే, సర్వో నుంచి ట్యాబ్‌ను నెట్టే కడ్డీని (పుష్‌రాడ్‌ను) ట్యాబ్‌కు ఉన్న చిన్న కొమ్ము (హార్న్) మీద కీలుకు దూరంగా ఉన్న రంధ్రానికి మార్చి ట్యాబ్ కదలికను తగ్గించండి. అయితే ఫ్లాపులు పూర్తిగా దించినప్పుడు కావలసిన ట్రిమ్ ఇంకా అందుతోందో లేదో మళ్లీ ఎగిరి చూసుకోవాలి.