సకురా (చెర్రీ పూల) రోజుల్లో కెన్రోకుఎన్ 'స్పెషల్ టికెట్' కొని మోసపోయాం, మీరు కొనకండి

ఏప్రిల్ మొదట్లో అమ్మానాన్నలను కనజావాలోని కెన్రోకుఎన్ తోటకి తీసుకెళ్లాను. జపాన్‌లో మూడు మహా ఉద్యానాలని చెప్పుకునే వాటిలో ఇదొకటి. వాళ్లు విజయవాడ నుంచి రావడం ఇదే మొదటిసారి కాబట్టి ఎక్కడా ఇబ్బంది పడకూడదని అన్నీ ముందే బుక్ చేశాను. అదే నా కొంప ముంచింది.

ఫిబ్రవరిలో ఒక టూర్ సైట్‌లో 'సకురా స్పెషల్ ఎంట్రీ, క్యూ లేదు, ఇంగ్లిష్ గైడ్' అని కనబడింది. మనిషికి 5,800 యెన్లు. సీట్లు మూడే మిగిలాయని ఎర్ర అక్షరాల్లో చూపిస్తుంటే టెన్షన్ పడి ముగ్గురికీ కట్టేశాను.

తీరా వెళితే గేటు దగ్గర టికెట్ అడిగే నాథుడే లేడు. జనం తిన్నగా లోపలికి పోతున్నారు. ఫోన్‌లో వోచర్ చూపిస్తే అక్కడున్న ఉద్యోగిని పాపం ఇబ్బందిగా నవ్వి, పక్కనున్న బోర్డు చూపించింది. 'ముర్యో', అంటే ఉచితం.

విషయమేంటంటే, చెర్రీ పూలు విచ్చే సమయంలో ఓ వారం పాటు ఈ తోటలోకి అందరికీ ప్రవేశం ఉచితం. రాత్రి దీపాల వెలుగులో చూడటానికీ డబ్బు అక్కర్లేదు. ఆ తేదీలను పూల తీరు చూసి అప్పటికప్పుడు ప్రకటిస్తారు. మరి ఫిబ్రవరిలోనే 'సకురా ఎంట్రీ' అమ్మినవాడు ఏం అమ్మినట్టు? మామూలు రోజుల్లోనైనా పెద్దవాళ్లకి టికెట్ 320 యెన్లే. 65 దాటినవాళ్లు వయసు రుజువు చూపిస్తే అదీ అక్కర్లేదు. ఇది విని నాన్న, "అయితే నాకు రెండుసార్లు ఫ్రీ అన్నమాట. మరి దేనికి కట్టావురా?" అన్నారు. ఏం చెప్పను?

పోనీ గైడ్ అయినా వచ్చాడా అంటే, నలభై నిమిషాలు కాత్సురజాకా గేటు దగ్గర నిలబెట్టి రాలేదు. తర్వాత మెయిల్‌లో "మా గైడ్ వేరే గేటు దగ్గర ఎదురుచూశారు" అన్నారు. ఈ తోటకి గేట్లు అరడజను పైనే. వోచర్‌లో ఏ గేటో రాయలేదు. రీఫండ్ అడిగితే, "మీరు లోపలికి వెళ్లారు కదా" అని జవాబు! కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, ఇంకా తేలలేదు.

తోట మీద మాత్రం నాకు కోపం లేదు. కసుమిగాఇకె చెరువు ఒడ్డున రెండు కాళ్ల రాతి దీపం, ఒక కాలు నీళ్లలో, ఒకటి గట్టు మీద. అమ్మ అక్కడి నుంచి కదలనంది. చెరువు నీటి ఒత్తిడితోనే, మోటారు లేకుండా పైకి చిమ్మే ఫౌంటెన్ దగ్గర నాన్న ఇంజనీరు బుర్ర పావుగంట ఆగిపోయింది. గైడ్ ఉంటే ఇంత తీరిగ్గా చూడనిచ్చేవాడు కాదేమో.

అన్ని తోటలూ ఇంతే అనుకోకండి. క్యోటోలోని సైహోజి గుడి నాచు తోటకి ముందుగా బుక్ చేసుకోవాల్సిందే, అదీ గుడివాళ్ల దగ్గర నేరుగా. కెన్రోకుఎన్‌కి మాత్రం పూల సమయంలో వెళ్తుంటే, బయలుదేరే ముందు తోట అధికారిక పేజీలో ఉచిత ప్రవేశం తేదీలు చూసుకోండి. గైడ్ కావాలంటే గైడ్‌కి మాత్రమే కట్టండి, ఏ గేటు దగ్గర కలుస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.