డిఫ్యూజ్ ఒకటి కాదు, రెండు

గొడవ చల్లార్చాడని ఇంగ్లీషులో రాయాలంటే ఏ డిఫ్యూజ్ వాడాలి? చెవికి రెండూ దాదాపు ఒకటే. తేడా అంతా స్పెల్లింగులోనే ఉంది.

మొదటిది డి-ఇ తో మొదలై, ఒకే ఎఫ్ తో రాసే మాట. బాంబుకు ఉండే ఫ్యూజ్ పీకేయడం దీని అసలు అర్థం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాడుకలోకి వచ్చింది. పేలని బాంబును 'నిర్వీర్యం చేశారు' అని మన పత్రికలు రాసేది దీన్నే. కొట్టుకోబోతున్న ఇద్దరి మధ్యకు వెళ్లి, ఒక జోకేసి టెన్షన్ తగ్గించినా ఇదే క్రియ. పేలాల్సింది పేలలేదు, అంతే.

రెండోది డి-ఐ తో మొదలై, రెండు ఎఫ్‌లతో ఉంటుంది. 'పారబోయడం' అనే లాటిన్ మూలం నుంచి వచ్చింది. అత్తరు వాసన గదంతా పరుచుకోవడం, నీళ్లలో సిరా చుక్క కలిసిపోవడం దీని పని. సైన్సు పుస్తకాల్లో వ్యాపనం అంటాం. విశేషణంగా వాడితే చివర 'జ్' పోయి 'స్' పలుకుతుంది.

టెన్షన్ పలచబడింది కాబట్టి రెండోదీ సరిపోతుందని కొందరు వాదిస్తారు. ఇంగ్లీషువాళ్లూ తరచూ అలా రాసేస్తుంటారు. నాకైతే అది నచ్చదు. గొడవను వ్యాపింపజేశానంటే, వీధి చివరి దాకా పాకించినట్టుంది! అనుమానమొస్తే బాంబును తలచుకోండి: ఫ్యూజ్ పీకాలా, వాసన పరుచుకోవాలా?