కంచె మొక్క పేరుతో కోనోకార్పస్ అంటగడుతున్నారు, జాగ్రత్త

అనంతపురం చుట్టుపక్కల లేఅవుట్లలో కొత్తగా ఇల్లు కట్టుకొని, ప్రహరీ వెంట పచ్చకంచె వేసుకోవాలని నర్సరీలకు వెళ్తున్నవారికి ఒక హెచ్చరిక. "తొందరగా ఎదుగుతుంది, నీళ్లు పెద్దగా అడగదు" అని చెబుతూ, ఏ మొక్క అని అడిగితే "ఫెన్సింగ్ మొక్క" అని మాత్రమే బదులిచ్చేవారి దగ్గర కొనకండి. మాకు ఆ పేరుతో ఇచ్చినది కోనోకార్పస్.

మేము అడిగినది వాక్కాయ మొక్కలు. అవి కంచెగా అల్లుకోవడానికి ఏళ్లు పడుతుందని నర్సరీ యజమాని నిరుత్సాహపరచి, నడుమెత్తున్న వేరే మొక్కలను చౌకగా ఇచ్చాడు. బిల్లులోనూ అదే "ఫెన్సింగ్ మొక్క". ఎదుగుదల గురించి అతను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. రెండో వానాకాలానికే అవి మనిషి ఎత్తు దాటాయి. ఆ తరువాతే సంపులో నీరు నిలవకుండా పోవడం మొదలైంది. కుళాయి నీరు రోజూ రాని ఊళ్లో సంపు మట్టం జానెడు తగ్గినా ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. సంపు ఖాళీ చేయించి చూస్తే, గోడ అడుగును కలిసే మూలలో ప్లాస్టరింగ్ ఉబ్బి, ఆ పగులులోంచి వెంట్రుకల్లాంటి సన్నని వేళ్లు కుచ్చుగా వేలాడుతున్నాయి. బేల్దారి వాటిని పట్టుకొని లాగితే అరచేయంత సిమెంటు పెచ్చు కూడా ఊడివచ్చింది. నర్సరీలో ఈ సంగతి చెబితే వచ్చిన సమాధానం: "మొక్క బతికింది కదా సార్, ఇంకేం కావల్ల?"

కోనోకార్పస్ వేళ్లు నీటి పైపులను, మురుగు కాలువలను దెబ్బతీస్తాయనే ఫిర్యాదు కొత్తది కాదు. ఇతర కారణాలతో పాటు దీన్నీ చూపి 2023లో గుజరాత్ అటవీశాఖ ఈ మొక్కను నాటడం నిషేధించింది. తెలంగాణ అంతకు ముందే వద్దనుకుంది. దీని పుప్పొడితో ఉబ్బసం, అలర్జీ వస్తాయన్న మాటపై శాస్త్రవేత్తల్లో భిన్నాభిప్రాయాలున్నాయి కాబట్టి ఆ వాదనలోకి నేను వెళ్లడం లేదు. సంపు, సెప్టిక్ ట్యాంకు, తాగునీటి పైపు అన్నీ కొన్ని సెంట్ల స్థలంలోనే ఇమడవలసిన మన ఇళ్లకు వేళ్ల బెడద ఒక్కటే చాలు.

ఆకులు సన్నగా, కోలగా, నున్నగా ఉండి, కొమ్మకు ఎదురెదురుగా కాక ఒకదాని తరువాత ఒకటిగా వస్తే అనుమానించండి. కొంచెం ముదిరిన చెట్టుకైతే గుండీల్లాంటి చిన్న గుండ్రని కాయలు గుత్తులుగా కనిపిస్తాయి.

దీనికి బదులుగా ఏం వేయాలన్నది స్థలాన్ని బట్టి ఉంటుంది. మన ఎర్రనేలకు, వానలేమికి గోరింట బాగా సరిపోతుంది. కొమ్మ నాటినా వస్తుంది, ఎంత కత్తిరిస్తే అంత గుబురుగా చిగురిస్తుంది. పశువులు, మేకలు లోపలికి రాకూడదనుకుంటే వాక్కాయకు మించినది నాకు తెలియదు. మొదట్లో నిదానంగా ఎదిగే మాట నిజమే కానీ, ముళ్లు గట్టివి, కాయలు పప్పులోకీ పచ్చడికీ పనికొస్తాయి. గన్నేరు మాత్రం చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు, దానిలో ప్రతి భాగమూ విషమే. బంగారు రంగు ఆకులతో ఆకట్టుకునే డ్యురాంటా కాయలు కూడా తినకూడనివి.

ఏది కొన్నా బిల్లుపై మొక్క పేరు రాయించుకోండి, రాయనంటే కొనకండి. కవరు అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకొని ఉన్న మొక్కను, అది ఎంత ఎత్తుగా ఉన్నా, పక్కన పెట్టండి.

ఇప్పటికే కోనోకార్పస్ నాటినవారు పైకి నరికి ఊరుకుంటే లాభం లేదు. మోడు నుంచి మళ్లీ చిగుళ్లు వస్తాయి కనుక, సంపు వైపు వెళ్లిన వేళ్లతో సహా తవ్వి తీయించవలసిందే.