బరంపురం గోడ క్యాలెండర్: కుక్కర్ గారు ఎందుకు నవ్వించారంటే

ఒడిశాలోని మా బరంపురంలో పెద్ద బజారు దగ్గర ఒక చిన్న ప్రెస్ వాళ్లు వేసిన గోడ క్యాలెండర్ ఇది, 90 రూపాయలు పెట్టి కొన్నాను. దేవుళ్లు లేరు, సీనరీలు లేవు. నెలకో వస్తువు ఫొటో, కింద తెలుగులో ఒక మాట, దాని కింద అదే ఒడియాలో. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకునే మా పిల్లల్లాంటి వాళ్లకి ఇది ఎంత మేలో బరంపురం వాళ్లకి చెప్పక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది. ఉత్త సామాను ఫొటోలకి ఇంత నవ్వు ఎందుకొస్తోందా అని నెల రోజులుగా పేజీలు తిప్పి తిప్పి చూస్తున్నాను. జనవరిలో పాత కుక్కర్, మూత కొంచెం పక్కకి ఒరిగి అచ్చం మూతి తిప్పుకున్నట్టు ఉంటుంది. "కుక్కర్ గారు అలిగారు. మూడు విజిళ్ల దాకా మాట్లాడరు." నవ్వంతా ఆ 'అలిగారు'లోనే ఉంది. వస్తువు గురించి చెప్పేటప్పుడు 'పడింది, విరిగింది' అనడమే మన చెవికి అలవాటు, అందుకే 'అలిగింది' అని రాసుంటే సగం నవ్వు పోయేది. 'గారు' తగిలించి క్రియ కూడా మార్చేసరికి వంటింటి గిన్నె కాస్తా అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడైపోయింది. ఒడియాలోనూ గౌరవానికి క్రియ మారుతుంది కాబట్టి పక్కింటావిడ కూడా మాతో సమానంగా నవ్వింది.

మార్చిలో తలకిందులుగా బిగించిన త్రీపిన్ సాకెట్. పైన రెండు చిన్న కన్నాలు, కింద పెద్దది, కళ్లు తేలేసి నోరు తెరిచినట్టే ఉంది. "మళ్లీ బిల్లు పెరిగిందా!" అని రాశారు. కళ్లలాంటివి రెండు కనబడితే చాలు, మనకి ముఖం కనిపించేస్తుంది. 1976లో వైకింగ్ 1 తీసిన ఫొటోలో అంగారకుడి మీది ఒక గుట్టలో జనం మనిషి ముఖాన్ని చూశారు కదా. కదలికా అంతే. 1944లో హైడర్, సిమెల్ అనే సైకాలజిస్టులు రెండు త్రిభుజాలు, ఒక వృత్తం అటూ ఇటూ తిరిగే చిన్న ఫిల్మ్ చూపిస్తే, చూసినవాళ్లు దాదాపు అందరూ తగాదా, తరమడం, పారిపోవడం అంటూ కథ చెప్పారు. కథ మన బుర్రలో సగం తయారుగానే ఉంటుంది, ఒక కోపమో బడాయో అందిస్తే మిగతాది మనమే అల్లుకుంటాం. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందని మన పెద్దలు ఊరికే అన్నారా!

అక్టోబర్ పేజీకి మా అమ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. చువ్వలు విరిగి వెనక్కి తిరగబడ్డ గొడుగు, "ఫైలిన్‌నే చూశాను, ఈ గాలెంత!" అంటోంది. 2013 అక్టోబర్ 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర ఆ తుఫాను తీరం దాటినప్పుడు మేం తలుపుకి మంచం అడ్డం పెట్టుకుని కూర్చున్నాం, ఈ మాట అనే పెద్దాయన ఇక్కడ ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆయన్ని చూపించి నవ్వితే నొచ్చుకుంటారు, గొడుగుని చూపిస్తే ఆయనా కలిసి నవ్వుతారు.

అన్ని పేజీలూ ఇలా లేవు. మే నెల ఫ్రిజ్ కింద "నేను చాలా కూల్" అని రాశారు, అది ఏ ఫ్రిజ్‌కైనా అతుకుతుంది, ఈ ఫొటో చూసి రాసిన మాటలా లేదు. ఆగస్టులో మాటని బకెట్ ఫొటోకి పైన వేశారు, అది పెద్ద తప్పు. ముందు బకెట్ కనబడాలి, ఇందులో ఏముందా అని కన్ను ఓ క్షణం వెతకాలి, అప్పుడు మాట తగలాలి. సెప్టెంబర్‌కి ఏకంగా నాలుగు లైన్లు, రెండో లైనుకే నవ్వు చల్లారిపోయింది.

మన ఉగాది, ఒడియా వాళ్ల రజ పండగ రెండూ వేశారు, కాగితం మందంగా ఉంది. తిథులు మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి, అమ్మ చదవలేకపోతోంది. ఐదుకి నాలుగు ఇస్తాను.

ప్రెస్ వాళ్లకి ఒక్క మాట: వచ్చే ఏడాది ఫ్రిజ్ తీసేసి పగిలిన దుత్త ఫొటో వేయండి. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తూనే వచ్చాం, దాన్ని ఇంతవరకూ ఎవరూ ఏమనుకుంటున్నావని అడగలేదు.