హాన్ ఈమెయిలా, కోకా కాలా?

అమెరికాలో కొత్త జబ్బుల సంగతి డాక్టర్లకి చేరవేయడానికి అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీకి చాలా దారులున్నాయి. ఇక్కడ రెండింటి గురించే చెప్తాను: హెల్త్ అలర్ట్ నెట్‌వర్క్ (హాన్) నోటీసులు, కోకా కాల్స్ (డాక్టర్ల కోసం సీడీసీ పెట్టే ఆన్‌లైన్ సమావేశాలు).

హాన్ ఈమెయిల్‌లో వస్తుంది, నేరుగా పనిలోకి దిగుతుంది. 2020 జనవరి 8న వచ్చినదే చూడండి: వుహాన్‌లో కారణం తెలియని న్యుమోనియా ఉంది, తీవ్రమైన శ్వాస సమస్యతో ఎవరైనా వస్తే ఈమధ్య అక్కడికి వెళ్లారా అని అడగండి, అనుమానముంటే వెంటనే ఆరోగ్య శాఖకి చెప్పండి. అప్పటికి ఆ వైరస్‌కి పేరు కూడా లేదు. ఎమర్జెన్సీ వార్డులో నిలబడ్డ డాక్టర్‌కి ఆ ఒక్క ప్రశ్న చాలు. తమాషా ఏంటంటే, దాని మీద ఉన్న ముద్ర 'అడ్వైజరీ', అంటే వెంటనే ఏమీ చేయనక్కర్లేకపోవచ్చు అనే రకం! సబ్జెక్ట్ లైన్ చూసి పక్కన పెట్టేసేవాళ్లకి అదే దెబ్బ.

కోకా కాల్ దాదాపు గంటసేపు సాగే వెబినార్. నిపుణులు మాట్లాడతారు, మనం ప్రశ్నలు అడగొచ్చు, కుదరకపోతే రికార్డింగ్ ఉంటుంది, ఉచితంగా సీఈ క్రెడిట్లు (చదువు కొనసాగిస్తున్నట్టు వైద్య సిబ్బంది చూపించుకునే పాయింట్లు) కూడా వస్తాయి. ఎండదెబ్బ, కార్చిచ్చు పొగ లాంటి వాటికి నాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలు వాడే పెద్దాయనకి వేడిలో ఏం జరుగుతుందో నాలుగు లైన్ల నోటీసులో ఎక్కదు. కాకపోతే డ్యూటీ మధ్యలో గంట ఎవరికి దొరుకుతుంది?

నన్నడిగితే హాన్ వచ్చిన రోజే చదవాలి, కోకా వారాంతంలో విన్నా పర్లేదు.